వదిన చదవని చోట

ఆఫీసు, ఆరో అంతస్తు
ఫిబ్రవరి 6

వదినా,

ఫోన్ చేస్తే "ఊఁ, బాగున్నాం, నువ్వు తిన్నావా" అని మూడు మాటల్లో తేల్చేస్తావు. అదే ఉత్తరానికైతే నాలుగు పేజీలకు తక్కువ జవాబివ్వవు. నాకిప్పుడు నాలుగు పేజీలు కావాలి. అందుకే ఈ ఉత్తరం.

మా కంపెనీ ఫోన్లో బొమ్మల కథలు వేస్తుందనీ, నేనక్కడ రంగులు వేస్తాననీ నీకు తెలుసు. చదివేవాళ్ళలో సగానికి పైగా ఆడవాళ్ళేనని ఈ మధ్యే మా పైవాళ్ళు కనిపెట్టారు. వాళ్ళు ఎక్కడ చదువుతారు, ఎప్పుడు చదువుతారు, అచ్చు పుస్తకం ఇష్టమా ఫోనా, ఎలాంటి కథలు కావాలి, అన్నీ తెలుసుకోవాలట. దాని మీద మీటింగు పెట్టారు. పన్నెండుమంది మగవాళ్ళు బల్ల చుట్టూ కూర్చుని "ఆడవాళ్ళకేముంది, ప్రేమకథలు కావాలి" అని అరగంటలో తీర్మానం చేసేస్తుంటే నాకు ఒళ్ళు మండింది. "మా వదిన పదిహేనేళ్ళుగా బొమ్మల పుస్తకాలు అద్దెకిస్తోంది. ఆమె కొట్టుకు వచ్చేవాళ్ళంతా ఆడవాళ్ళే. ఆమెను అడిగి చెప్తాను" అనేశాను. నోరు జారాక వెనక్కి తీసుకోలేను కదా.

ప్రశ్నల కాగితం దీంతోపాటు పెట్టాను. ప్రశ్నలు నావి కావు, నన్ను తిట్టుకోకు. వచ్చినవాళ్ళను మాటల్లో పెట్టి అడుగు. పేర్లు అక్కర్లేదు.

నా గదికి కొత్త కిటికీ అద్దం వేశారు. ఎదురింటి గోడ ఇంకా బాగా కనబడుతోంది. అన్నయ్య మోకాలు ఎలా ఉంది? లిఫ్టులు బాగుచేసే మనిషి మెట్లెక్కలేకపోవడమేమిటని నవ్వాను గానీ, డాక్టరుకు చూపించమను.

నీ
పిచ్చుక

పుస్తకాల కొట్టు
ఫిబ్రవరి 24

పిచ్చుకా,

నీ కాగితం అందింది. ఒక్కో ప్రశ్నకు అ, ఆ, ఇ, ఈ అని నాలుగు జవాబులిచ్చి ఏదో ఒకదానికి టిక్కు పెట్టమన్నారు. నా కొట్టుకు వచ్చే ఏ మనిషీ నాలుగింట్లో ఒకదానిలో ఇమడలేదు. అందుకే టిక్కులు మానేసి వాళ్ళన్నది అన్నట్టు రాస్తున్నాను. శాతాలు మీవాళ్ళనే కట్టుకోమను.

ముందు హెడ్‌మేడం. బడి వదిలి ఆరేళ్ళయినా నడకలో బెత్తం ఉంటుంది. అచ్చు పుస్తకం తప్ప ముట్టదు. ఎందుకంటే, "పుస్తకంలో రెండు పేజీలూ ఒక్కసారే కనబడతాయమ్మా. చివరి గడిలో ఏమవుతుందో ఓరకంట చూసేసి, చూడనట్టు మొదటి నుంచి చదువుకుంటాను. ఫోనులో ఎవరో నోట్లో ముద్దలు పెడుతున్నట్టుంటుంది. నా చేత్తో నన్ను తిననివ్వరు" అంది. ఆమెకు యుద్ధాలూ దొంగతనాలూ కావాలి. ప్రేమకథ ఇస్తే రెండు వేళ్ళతో పట్టుకుని తిరిగిచ్చేస్తుంది. ఈ ముక్క మీ పన్నెండుమందికీ చదివి వినిపించు.

ఆస్పత్రి నర్సు రెండూ చదువుతుంది. బస్సులో నిలబడి ఒక చెయ్యి కడ్డీకి, ఇంకో చేతి బొటనవేలు ఫోనుకు. పేజీ తిప్పాలంటే రెండు చేతులు కావాలి, నాకు రెండూ ఎప్పుడు ఖాళీ అని అడిగింది. సెలవు రోజు మాత్రం నా దగ్గర మూడు పుస్తకాలు పట్టుకెళ్ళి తలస్నానం చేసి పడుకుని చదువుతుంది. తిరిగొచ్చిన పుస్తకాల మూలలు తడిసి ఉబ్బి ఉంటాయి. బస్సులో చదివింది బస్సు దిగేసరికి మర్చిపోతుందట. పడుకుని చదివింది వారం పాటు ఉంటుందట.

బ్యాంకు క్యాషియరు ఉంది. ఆమె భర్త ఫోను తీసి చూస్తాడట. ఆమె భోజనం వేళ వచ్చి, అలమర దగ్గర నిలబడే పది నిమిషాలు చదివి, పేజీ గుర్తు పెట్టుకుని వెళ్ళిపోతుంది. నెలకు ఒక పుస్తకం అవుతుంది. ఇంటికి తీసుకెళ్ళమంటే తల అడ్డంగా ఊపుతుంది.

దానికి సరిగ్గా ఎదురు బొత్తాల అమ్మాయి. బట్టల ఫ్యాక్టరీలో చొక్కాలకు బొత్తాలు కుడుతుంది. హాస్టల్లో గదికి ఆరుగురు. పుస్తకం పట్టుకుంటే అట్ట మీద బొమ్మ చూసి నవ్వుతారని, ఫోనైతే ఇంటికి మెసేజ్ పెడుతోందనుకుంటారని చెప్పింది. ఒకప్పుడు ప్రేమ పుస్తకాలకు పాత కాగితంతో అట్ట వేసిస్తే గానీ తీసుకునేది కాదు. ఇప్పుడు ఫోనుకు మారింది. అయినా ప్రతి ఆదివారం నా కొట్టుకే వచ్చి, నా స్టూలు మీదే కూర్చుని, మీ కంపెనీ కథలు చదువుకుంటుంది. నేనేమీ అనను. ఇక్కడ ఎవరూ ఆమె భుజం మీంచి తొంగిచూడరు.

ఇంకో సంగతి మీ కాగితంలో లేదు. వీళ్ళు పుస్తకాల అంచుల్లో పెన్సిలుతో రాస్తారు. ఒక పుస్తకంలో హీరో బొమ్మ పక్కన "వీణ్ణి నమ్మకు" అని ఒకామె రాసింది. దాని కింద ఇంకో చేతిరాత: "నేను నమ్మాను. పదేళ్ళయింది." పుస్తకం పాడుచేశారని అందరినీ తిడతాను. చెరపను మాత్రం.

తొమ్మిదో ప్రశ్న, "మీకు మొదటి బొమ్మల పుస్తకం ఎవరిచ్చారు?" నన్నెవరూ అడగలేదు గానీ చెప్తాను. మా నాన్న. ప్రెస్సులో మెషిన్ మీద పనిచేసేవాడు. రంగు పక్కకు జరిగి పాడైన కాపీలు ఇంటికి తెచ్చేవాడు. మనిషి ఒకచోట, మనిషి పెదాల ఎరుపు ఇంకోచోట. పెళ్ళయి మీ ఇంటికొచ్చినప్పుడు అలాంటివి నలభై ఒకటి తెచ్చుకున్నాను. నువ్వు చూశావుగా. అవి పోయిన సంగతి ఇప్పుడెందుకులే.

మీ అన్నయ్య మోకాలికి పట్టీ కట్టుకుని తిరుగుతున్నారు. డాక్టరు మాటెత్తితే లిఫ్టు పిలుస్తోందంటారు.

నీ
వదిన

ఆఫీసు, ఆరో అంతస్తు
మార్చి 15

వదినా,

నీ ఉత్తరం మీటింగులో చదివాను. హెడ్‌మేడం ముద్దల మాటకు అందరూ నవ్వారు గానీ, మా పెద్దాయన నవ్వలేదు. ఆ వాక్యాన్ని పెద్ద అక్షరాలతో రాయించి గోడకు అతికించాడు. క్యాషియరు సంగతి రెండోసారి చదవమన్నారు. శాతాలు ఎవరూ అడగలేదు.

ఇంకా ఎవరైనా ఏమైనా అంటే రాయి. నువ్వు మాత్రం ఫోనులో చదవడం అలవాటు చేసుకోకు. నీ కళ్ళకు పడదు. నీ బటన్ల ఫోనే హాయి. మా కథలు కూడా అంత గొప్పగా ఏమీ ఉండవు. రంగులు వేసేదాన్ని, నాకు తెలియదా?

పని చాలా ఉంది. ఈసారికి ఇంతే.

నీ
పిచ్చుక

పుస్తకాల కొట్టు
ఏప్రిల్ 20

పిచ్చుకా,

ఇంకా ఎవరైనా ఏమైనా అంటే రాయమన్నావు. రాస్తున్నాను.

పోయిన ఆదివారం బొత్తాల అమ్మాయి స్టూలు మీద కూర్చుని ఏడుస్తోంది. ఫ్యాక్టరీలో ఎవరైనా ఏమన్నా అన్నారేమోనని కంగారుపడ్డాను. కాదట. కథ చదివి ఏడుస్తోందట. "దుప్పట్ల గది" అని ఒక కథ వారం వారం వస్తోందట. చదవనివాళ్ళు లేరట. నర్సు కూడా అప్పుడే వచ్చి, నేనూ చదువుతున్నానంది. ఇద్దరూ కలిసి నాకు కథ చెప్పారు.

ఒక ఇల్లు. ఆ ఇంటికి కొత్త కోడలు వస్తుంది. బొమ్మల పుస్తకాలు దుప్పట్ల పెట్టెలో అడుగున దాచుకుంటుంది. అత్తగారికి అవంటే గిట్టదు. ఇంట్లో ఒక చిన్నపిల్ల ఉంటుంది. మధ్యాహ్నాలు వాళ్ళిద్దరూ సామాన్ల గదిలో, పైనున్న చిన్న కిటికీ వెలుతురులో పుస్తకాలు చదువుకుంటారు. వెలుతురు జరిగితే వాళ్ళూ జరుగుతారు. పన్నెండో భాగంలో ఆ పిల్ల అత్తగారికి చెప్పేస్తుందట. పుస్తకాలు ఎక్కడున్నాయో.

"ఆ పిల్లకి పదకొండేళ్ళండీ. ఏం తెలుస్తుంది, భయపడింది. కానీ చెప్పింది తనేనని అప్పట్నించీ ఎవరికీ చెప్పలేదు చూడండి, అందుకే ఏడుపొచ్చింది" అంది బొత్తాల అమ్మాయి.

గీసినవాళ్ళ పేరు లేదట. ఏదో పక్షి బొమ్మ ఉంటుందట పేరుండాల్సిన చోట.

మీ కంపెనీ కథే కదా. ఎవరు గీస్తున్నారో నీకు తెలుసా?

వదిన

ఆఫీసు
ఏప్రిల్ 30

వదినా,

మా దగ్గర ముప్ఫైమంది దాకా గీస్తారు. కొందరు బయటి నుంచి పంపుతారు. ఎవరేది గీస్తారో అన్నీ నాకు తెలియవు. దుప్పట్ల పెట్టెలూ సామాన్ల గదులూ చాలా ఇళ్ళలో ఉంటాయి కదా.

పని మీద వేరే ఊరు వెళ్తున్నాను. వచ్చాక రాస్తాను. అన్నయ్యను అడిగానని చెప్పు.

పిచ్చుక

పుస్తకాల కొట్టు
మే 9

మరదలు గారికి,

బొత్తాల అమ్మాయి ఫోను ఒక పూట అడిగి తీసుకున్నాను. పన్నెండు భాగాలూ చదివాను. కళ్ళకేమీ కాలేదు.

కిటికీకి మూడు ఊచలు గీశారు. సరిగ్గా గీశారు. నడిమి ఊచ వంగి ఉండేది. అది కూడా వంకరగానే గీశారు.

ఎదుటి మనిషి చదవని చోటు చూసుకుని రాయడం తెలివైన పనే. మీరు చాలా దూరం వచ్చారు.

వదిన

నా గది
మే 18

వదినా,

ఏడుసార్లు మొదలుపెట్టి చించేశాను. ఇది ఎనిమిదోది. ఎలా ఉన్నా పంపేస్తాను.

ఆ కథ నేనే గీస్తున్నాను. రెండేళ్ళుగా రంగులు వేయడం మానేసి కథలే గీస్తున్నాను. నీకు చెప్పలేదు. చెబితే ఏం కథలని అడుగుతావు. అడిగితే చూపించాలి.

నువ్వన్నది నిజం. నువ్వు ఫోనులో చదవవని తెలుసు కాబట్టే అక్కడ రాశాను. అచ్చు పుస్తకంగా వేద్దామని ఒకసారి అడిగితే వద్దన్నాను. పుస్తకమైతే ఏదో ఒకరోజు నీ అలమరలోకి వచ్చేస్తుంది. నువ్వు ధూళి దులిపేటప్పుడు నీ చేతిలో పడుతుంది. ఫోనులో అయితే లక్షమంది చదివినా నువ్వొక్కదానివి చదవవు. అలా చెప్పేసి, చెప్పేశానని అనుకుని హాయిగా ఉందామనుకున్నాను. మరి నీ కొట్టుకు వచ్చేవాళ్ళను ఫోనులో ఏం చదువుతారని అడగమని నీకే ఎందుకు పంపానో నాకు తెలియదు. ఒకవేళ నువ్వు కనిపెట్టాలనే పంపానేమో.

ఇప్పుడు ఫోనులో రాయనిది చెప్తాను.

కథలో ఆ పిల్ల భయపడి చెప్పింది. బడిలో పుస్తకంతో దొరికిపోయింది, టీచరు అమ్మను పిలిపించింది, అమ్మ చెయ్యెత్తింది, చెప్పేసింది. టీచరు పిలిపించడం వరకు జరిగిందే. కానీ అమ్మ చెయ్యెత్తలేదు వదినా. "ఇదెక్కడిది" అని మామూలుగా అడిగింది. బడి లైబ్రరీదంటే నమ్మేసేది. నేనే అన్నాను, "వదినది. ఇంకా చాలా ఉన్నాయి. దుప్పట్ల పెట్టెలో అడుగున."

ఆ వారం మీ అమ్మగారికి బాగాలేదని నువ్వు పుట్టింటికి వెళ్ళావు. నన్ను కూడా తీసుకెళ్తానని ముందు రోజు అన్నావు. నేను సంచి సర్దుకున్నాను. పొద్దున్న లేచేసరికి నువ్వు లేవు. బడి పోతుందని అన్నయ్య వద్దన్నాడట. నాకెవరూ చెప్పలేదు. నాలుగు రోజులు ఆ సంచి విప్పలేదు. నీకు నేను అక్కర్లేదని అనుకున్నాను. నీకు కూడా ఏదో ఒకటి పోవాలని అనుకున్నాను. పదకొండేళ్ళకే అంత తెలిసే చెప్పాను. భయంతో కాదు.

అమ్మ మర్నాడే పాత కాగితాలవాణ్ణి పిలిచింది. వాడు కట్టకు తాడు బిగిస్తుంటే పై పుస్తకం అట్ట చిరిగింది. నేను గుమ్మంలో నిలబడి చూశాను. మీ నాన్నగారు పోయి అప్పటికి ఏడాది కూడా కాలేదని నాకు తెలుసు.

నువ్వు తిరిగొచ్చిన రోజు నేను బడికి వెళ్ళిపోయాను. సాయంత్రం వచ్చేసరికి ఇల్లంతా నిశ్శబ్దంగా ఉంది. అమ్మతో గొడవపడి ఉంటావనుకున్నాను. నువ్వు నన్నేమీ అడగలేదు. మూడో రోజున నాకు జడ వేశావు. ఆ రోజు చెప్పి ఉండాల్సింది.

ఆ భాగాన్ని తీసేయమంటే తీసేస్తాను. ఒక్క మీట నొక్కితే పోతుంది. నీ ఏప్రిల్ ఉత్తరం అందినప్పటి నుంచి కొత్త భాగం పెట్టలేదు, కథంతా ఆపేయమన్నా ఆపేస్తాను. నువ్వేమంటే అదే.

నేను

పుస్తకాల కొట్టు
ఆగస్టు 11

పిచ్చుకా అని రాయడానికి చెయ్యి రాలేదు. గారు అని రాయడానికీ రాలేదు. అందుకే ఏమీ లేకుండా మొదలుపెడుతున్నాను.

నువ్వు మధ్యలో రాసిన రెండు ఉత్తరాలూ విప్పలేదు. అలమర పైన ఉన్నాయి. ముందు ఇది చెప్పాలి.

నీ ఉత్తరం వచ్చిన రోజు మధ్యాహ్నమే కొట్టు మూసి ఇంటికి వెళ్ళాను. మీ అన్నయ్య అప్పుడే పని నుంచి వచ్చి పెరట్లో చేతుల గ్రీజు కడుక్కుంటున్నారు. నా పుస్తకాలు ఎవరు అమ్మేశారని అడిగాను. "ఇరవై మూడేళ్ళ తర్వాత ఇప్పుడెందుకు" అన్నారు, ఇటు తిరగకుండానే.

"అత్తయ్య అమ్మారు. మీ చెల్లెలు చెప్పింది. మీరేం చేశారు?"

"నేనేం చెయ్యలేదు."

"మరి ఆ రోజు మీరే అమ్మేశానని నాతో ఎందుకన్నారు?"

ఆయన మళ్ళీ సబ్బు తీసుకుని, శుభ్రంగా ఉన్న చేతులకే ఇంకోసారి రుద్దుకున్నారు.

నీకు ఈ సంగతి తెలియదని నీ ఉత్తరం చూశాకే అర్థమైంది. నేను అత్తయ్యతో గొడవపడలేదు. నేను తిరిగొచ్చి పెట్టె తెరిచేసరికి దుప్పట్లు తప్ప ఏమీ లేవు. వంటింట్లోకి వెళ్ళి అడిగాను. అత్తయ్య తల ఎత్తలేదు. మీ అన్నయ్య గడ్డం గీసుకుంటూ మధ్యలో లేచి వచ్చారు. ఒక చెంప మీద నురగ అలాగే ఉంది. "నేనే అమ్మేశాను. చోటు లేదని" అన్నారు. ఎందుకని అడిగాను. ఏమీ అనలేదు. మళ్ళీ వెళ్ళి రెండో చెంప గీసుకున్నారు.

ఆ నురగ నాకు ఇప్పటికీ కనిపిస్తుంది. ఎంత తేలిగ్గా చెప్పి వెళ్ళిపోయాడీ మనిషి అనుకున్నాను. ఆ రోజు నుంచి నేను చదివే పుస్తకం ఒక్కటి కూడా ఆయనకు చూపించలేదు. ఏం చదువుతున్నావని అడిగితే మూసేసేదాన్ని. కొన్నాళ్ళకు అడగడం మానేశారు. కొట్టు తెరిచిన రోజే చెప్పాను, మీరు లోపలికి రావద్దు, పుస్తకాలు ముట్టుకోవద్దని. సరే అన్నారు. పదిహేనేళ్ళు. సాయంత్రం నన్ను తీసుకెళ్ళడానికి వస్తారు, వానలో కూడా గుమ్మం బయట చూరు కింద నిలబడతారు. మీ ఆయన ఎంత మర్యాదస్థుడో, ఆడవాళ్ళుండే చోటికి అడుగు పెట్టడని హెడ్‌మేడం మెచ్చుకుంటుంది. నేను ఊరుకునేదాన్ని.

ఆ కోపానికి నేను రోజూ తిండి పెట్టి పెంచాను. మిగతా కాపురమంతా బాగానే చేశాను. ఆయనకు జ్వరమొస్తే కూర్చున్నాను, నాకు ఆపరేషనైతే ఆయన కూర్చున్నారు. అయినా ఆ ఒక్క గది తాళం వేసే ఉంచాను. ఇప్పుడు ఆ మనిషి కాదని తెలిస్తే ఇన్నేళ్ళది ఎక్కడ దింపుకోను? అందుకే మూడు నెలలు నీకు రాయలేదు.

నువ్వు పదకొండేళ్ళప్పుడు చేసింది నాకు అర్థమైంది. ఆ సంచి సంగతి చదివి నిన్ను తీసుకెళ్ళి ఉండాల్సిందనుకున్నాను. కనీసం లేపి చెప్పాల్సింది. అది నా తప్పే. కానీ ముప్ఫై నాలుగేళ్ళప్పుడు చేసింది అర్థం కాలేదు. లక్షమందికి చెప్పావు. నాకు చెప్పలేదు. బొత్తాల అమ్మాయి నా ముందు కూర్చుని నా కథకు ఏడుస్తుంటే నేను నీళ్ళ గ్లాసు తెచ్చి ఇచ్చాను. నువ్వు నాకు చెప్పనందుకు కోపం ఇంకా ఉంది. అలమరలు దులిపేటప్పుడు వస్తుంది, పోతుంది, మళ్ళీ వస్తుంది.

తీసేస్తానన్నావు. తీసేయకు. ఆ పన్నెండో భాగం కింద ఆడవాళ్ళు రాసినవన్నీ నర్సు నాకు చదివి వినిపించింది. అక్క ఉత్తరం చింపేశానని ఒకామె, స్నేహితురాలి సంగతి ఇంట్లో చెప్పేశానని ఒకామె. నా పుస్తకాల అంచుల్లో రాసినట్టే రాశారు. అవి చెరపడానికి నీకు హక్కు లేదు.

కానీ ఆ కథలో అత్తయ్య ఉంది, నేనున్నాను, నువ్వున్నావు. మీ అన్నయ్య లేరు. పదమూడో భాగం గీయి. అందులో ఆయన ఉండాలి. ఊహించి గీయకు, నేను పైన రాసిందే గీయి. భయపడి చెప్పానన్న అబద్ధం కూడా అందులో సరిచెయ్యి. గీశాక కాగితం మీద ముందు నాకు పంపు. నేను చూడనిదే ఎవరికీ చూపించకు.

వదిన

నా గది
సెప్టెంబరు 14

వదినా,

అన్నయ్య సంగతి చదివాక రెండు రోజులు ఆఫీసుకు వెళ్ళలేదు. నాకు తెలియదు వదినా. అమ్మ కూడా పోయేదాకా చెప్పలేదు. అన్నయ్యకు ఫోన్ చేసి, ఎందుకలా చేశావని అడిగాను. "లిఫ్టులో ఉన్నా, సరిగా వినబడట్లేదు" అన్నాడు. వెనక మీ గోడ గడియారం టిక్కుటిక్కుమంటోంది.

పదమూడో భాగం ఇందులో పెట్టాను. తొమ్మిది కాగితాలు. ఒకదాని కింద ఒకటి పరిచి చూడు. మొదటి రెండింట్లో పిల్ల నిజం చెప్తుంది, సంచి కూడా ఉంది. మిగతావి నువ్వు చెప్పినట్టే. ఎక్కడ తప్పుంటే అక్కడ పెన్సిలుతో రాయి. అన్నయ్య అప్పుడెలా ఉండేవాడో నాకు సరిగా గుర్తులేదు, ఫోటో చూసి గీశాను.

ఎనిమిదో కాగితంలో వదిన "ఎందుకు?" అని అడుగుతుంది. అన్నయ్య ముఖం పక్కన మాటల బుడగ గీశాను. ఏం రాయాలో తెలియలేదు. ఊహించవద్దన్నావు. అందుకని ఖాళీగానే వదిలాను.

నువ్వు సరే అనేదాకా ఎవరికీ చూపించను. ఆఫీసులో కథ ఇన్నాళ్ళుగా ఎందుకు రావట్లేదని అడుగుతున్నారు. అడగనీ.

నీ మరదలు

పుస్తకాల కొట్టు
అక్టోబరు 2

పిల్లా,

బొమ్మలు చేరాయి. మొదట నేనొక్కదాన్నే చూశాను. తప్పులు పెన్సిలుతో గుర్తుపెట్టాను. వంటింటి తలుపు లోపలికి కాదు, బయటికి తెరుచుకునేది. నురగ ఎడమ చెంప మీద. నన్ను మరీ అందంగా గీశావు, అది మాత్రం దిద్దలేదు.

నిన్న సాయంత్రం మీ అన్నయ్య వచ్చి ఎప్పటిలాగే గుమ్మం బయట నిలబడ్డారు. లోపలికి రండి అన్నాను. వినబడనట్టు చూశారు. మళ్ళీ అన్నాను. చెప్పులు విప్పాలా అని అడిగారు. అక్కర్లేదన్నాను. అయినా విప్పారు. అలమరల మధ్య నుంచి వస్తూ, దేనికీ తగలకుండా రెండు చేతులూ ఒంటికి ఆనించుకుని నడిచారు. అది చూసి నేను కాసేపు వెనక్కి తిరిగి ఏదో సర్దుతున్నట్టు నిలబడాల్సి వచ్చింది.

బల్ల మీద కాగితాలు పరిచాను. ఆయన జీవితంలో ఒక్క బొమ్మల కథ కూడా చదవలేదు. కొట్టులో పుస్తకం తెరిచి ఇచ్చి ఉంటే ఏ గడి ముందో ఏది తర్వాతో తెలిసేది కాదు. నువ్వు ఫోను కోసం గీశావు కాబట్టి ఒకదాని కింద ఒకటే ఉన్నాయి. వేలు పెట్టి కిందికి చదువుకుంటూ వెళ్ళిపోయారు. ఫోను కథలను ఇన్నాళ్ళూ వెక్కిరించాను గానీ, ఈ ఒక్క విషయంలో ఒప్పుకుంటున్నాను.

సంచి దగ్గర వేలు ఆగింది. "ఇది నాకు తెలీదు" అన్నారు. నురగ బొమ్మ దగ్గర, అప్పుడు తనకు అంత జుట్టు లేదన్నారు. ఉండేదన్నాను. తర్వాత ఎనిమిదో కాగితానికి వచ్చి చాలాసేపు చూశారు.

"ఇందులో ఏం రాయలేదేంటి?" అన్నారు.

"మీరేం మాట్లాడలేదుగా, అందుకని."

నర్సు పుస్తకం తిరిగివ్వడానికి వచ్చింది. ఆయన్ని లోపల చూసి, బల్ల మీద పుస్తకం పెట్టి వెళ్ళిపోయింది. అప్పటికీ ఆయన ఆ కాగితం ముందే కూర్చుని ఉన్నారు. ఇప్పుడు చెబితే రాస్తుందా అని అడిగారు. రాస్తుందన్నాను. చెప్పారు. నీ ప్రశ్నల కాగితం వెనకవైపు నేను రాసుకున్నాను. ఒక్క ముక్క కూడా మార్చలేదు:

"పెట్టె సంగతి చెప్పింది చెల్లేనని అమ్మ నాతో అంది. నా మీద కోపమొస్తే నువ్వు తిడతావు, మాట్లాడవు, అంతే కదా అనుకున్నా. ఎంతైనా పెద్దవాణ్ణి, పడతాను. దాని మీదొస్తే అదెక్కడికి పోతుంది? ఇంట్లో దానికి నువ్వు తప్ప ఎవరూ లేరు. రెండ్రోజులాగి చెప్దామనుకున్నా. మూడో రోజు చూస్తే నువ్వు దానికి జడేస్తున్నావు, అదేదో అంటే నవ్వావు. ఇంక ఎందుకులే అనుకున్నా. ఇంత కాలం పడుతుందనుకోలేదు."

ఇదంతా ఆ బుడగలో పట్టదని నాకు తెలుసు. కుదించకు. బుడగే పెద్దది చెయ్యి. పక్కనున్న నా ముఖం మరుగైనా ఫర్వాలేదు.

వదిన